కొత్త సీజన్ ముంగిట హైదరాబాద్ ఫుట్‌బాల్ అభిమాని: ఆశ, ఆందోళనల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

క్రీడాచరిత్ర రచనలో ఆటగాళ్ళకు, శిక్షకులకు, విజయాలకు దక్కిన స్థానం అభిమానికి దక్కలేదు. కొత్త సీజన్ ఆరంభానికి ముందు అభిమాని దేనిని ఆశిస్తాడు, దేనికి కలత చెందుతాడు అనే ప్రశ్నకు ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క సమాధానం ఉంటుంది. ఆ సమాధానాన్ని బట్టి ఆ కాలపు క్రీడావ్యవస్థ స్వరూపాన్ని గుర్తించవచ్చు. 1950 నుండి నేటివరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రను ఈ దృష్టితో దశలుగా విభజించి, అభిమాని ఆందోళన గెలుపోటముల నుండి జట్టు ఉనికి వైపు ఎలా మళ్ళిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: హైదరాబాద్, ఫుట్‌బాల్, అభిమాని, సిటీ పోలీస్ జట్టు, ఎస్.ఎ. రహీం, ఇండియన్ సూపర్ లీగ్, క్లబ్బు యాజమాన్యం.

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట రైతుకు ఏరువాక ఎటువంటిదో, ఆటను ప్రేమించే వానికి కొత్త సీజన్ అటువంటిది. గడచిన ఏటి నష్టం ఇంకా మనసులో ఉంటుంది. అయినా దుక్కి దున్నక మానడు. వాన వస్తుందన్న ఆశ, రాదేమోనన్న దిగులు ఒకే మనిషిలో ఒకే సమయంలో కాపురం చేస్తాయి. అభిమాని స్థితి కూడా ఇదే. ఆటగాళ్ళ జాబితా చూస్తాడు, శిక్షకుడు ఎవరో తెలుసుకుంటాడు, మొదటి మ్యాచ్ ఎవరితోనో లెక్కవేసుకుంటాడు. ఇంకా ఒక్క గోలు కూడా పడని ఆ కొద్దివారాలలో అన్ని జట్లూ సమానమే. అందువల్ల అభిమాని మనస్తత్వాన్ని అధ్యయనం చేయడానికి సీజన్ ముందుకాలం అనువైనది.

అయితే ఈ ఆశ, ఆందోళనలు కేవలం వ్యక్తిగతమైన భావాలు కావు. జట్టును ఎవరు పోషిస్తున్నారు, ఆటగానికి జీతం ఎక్కడినుండి వస్తుంది, మైదానం ఎవరి అధీనంలో ఉంది అనే అంశాలే అభిమాని దేనికి భయపడాలో నిర్ణయిస్తాయి. ఒకప్పుడు దేశంలోనే అగ్రశ్రేణి ఫుట్‌బాల్ కేంద్రంగా వెలిగి, తరువాత దశాబ్దాలపాటు వెనుకబడి, 2022లో జాతీయస్థాయి లీగ్ విజేతను చూసి, 2025లో ఆ జట్టునే కోల్పోయిన నగరం హైదరాబాద్. ఇన్ని మలుపులు ఒకే నగరంలో కనిపించడం వల్ల ఈ పరిశీలనకు ఇది తగిన క్షేత్రం.

2. పోలీసు జట్టు కాలం – నిలకడ ఇచ్చిన ధీమా:

1948లో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. ఆ రాజకీయ పరిణామం జరిగిన రెండేళ్ళకే నగర పోలీసు జట్టు దేశమంతటా పేరు తెచ్చుకొంది. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును హైదరాబాద్ సిటీ పోలీస్ గెలిచింది. స్వాతంత్ర్యానంతరం 1950లో ఢిల్లీలో పునఃప్రారంభమైన డ్యూరండ్ కప్పును కూడా ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి చేజిక్కించుకొంది. 1954లోనూ 1957లోనూ అదే కప్పు మరల నగరానికి చేరింది. కలకత్తా క్లబ్బులే భారత ఫుట్‌బాల్‌కు ప్రమాణంగా ఉన్న రోజులలో దక్కను నుండి వచ్చిన ఒక పోలీసు జట్టు ఆ ప్రమాణాన్ని ప్రశ్నించింది.

ఈ వైభవానికి మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో జన్మించిన రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. అందుకే ఆటలోకంలో ఆయన 'రహీం సాబ్'గా గౌరవం పొందాడు. 1943 నుండి మరణించేవరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా పనిచేశాడు. బాలురకు బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు, బంతిని కాలిదగ్గర ఉంచుకోకుండా వెంటనే అందించే పోటీలు నిర్వహించాడు. పాఠశాల ఉపాధ్యాయునికి సహజమైన పద్ధతి ఇది. లోపం ఎక్కడ ఉందో గుర్తించి దానికే అభ్యాసం ఇచ్చాడు.

రహీం శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఇరాన్‌పై 1–0 తేడాతో స్వర్ణం గెలిచింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో చిత్తుగా ఓడింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించి సెమీఫైనల్ చేరి, చివరకు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, తులసీదాస్ బలరాం వంటి హైదరాబాద్ ఆటగాళ్ళు ఉన్నారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాపై 2–1 తేడాతో స్వర్ణం సాధించే నాటికి రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నాడు. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశాడు. ఆయన జీవితం ఆధారంగా 'మైదాన్' అనే హిందీ చలనచిత్రం 2024లో వచ్చింది.

ఈ దశలో అభిమాని స్థితిని వ్యవస్థ స్వభావాన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు. ఆటగాడు పోలీసు శాఖలో ఉద్యోగి. అతని జీవనోపాధికి కప్పు గెలవడంతో నిమిత్తం లేదు. జట్టు ఒక ప్రభుత్వశాఖకు చెందినది కనుక వచ్చే ఏడు జట్టు ఉంటుందా అనే ప్రశ్నకు తావు లేదు. అభిమాని కలత అంతా ఆటకు సంబంధించినదే. ఫలానా ఆటగాని గాయం మానిందా, ఈసారి కప్పు నిలబెట్టుకోగలమా, కలకత్తా జట్టు ఎలా ఉంది వంటివే ఆనాటి ప్రశ్నలు. ఆందోళన ఉన్నా దాని కింద గట్టి నేల ఉంది.

ఇక్కడ గమనించవలసిన మరొక విషయం ఉంది. ఈ విజయాలలో ముఖ్యమైనవి బొంబాయి, ఢిల్లీ మైదానాలలో దక్కినవి. నగరంలోని సామాన్య అభిమాని వాటిని కంటితో చూడలేదు. వార్తాపత్రిక ద్వారా, రేడియో ద్వారా, తిరిగివచ్చిన వారి నోటిమాట ద్వారా తెలుసుకొన్నాడు. గెలుపు వార్తగా ఇంటికి చేరడం హైదరాబాద్ అభిమాని అనుభవంలో మొదటినుండీ ఉన్న లక్షణం. ఈ లక్షణం ఏడు దశాబ్దాల తరువాత మరొక రూపంలో పునరావృతమైంది.

3. వలసల కాలం – మనవాడు పరాయి చొక్కాలో:

పోలీసు జట్టు ఇచ్చే నిలకడకు ఒక పరిమితి కూడా ఉంది. ఉద్యోగం ఇవ్వగలదు గాని కలకత్తా క్లబ్బుల వలె డబ్బును, లక్షలాది ప్రేక్షకుల ఆదరణను ఇవ్వలేదు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్ళాడు. 1966లో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ అదే దారి పట్టారు. తరువాతి కాలంలో హబీబ్ సోదరుడు అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ మొదలైనవారు కలకత్తా మైదానాలలో పేరు గడించారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నయీముద్దీన్ సారథి. 1977లో కలకత్తాలో పెలే ఆడిన కాస్మాస్ జట్టుతో మోహన్ బగాన్ 2–2తో సమంగా నిలిచిన మ్యాచ్‌లో ఒక గోలు హబీబ్‌ది. బెంగాలీలు అతనిని 'బడే మియా' అని పిలుచుకొన్నారు.

ఈ దశలో సీజన్ ముందు అభిమాని వేసుకొనే ప్రశ్న మారింది. ఈ ఏడాది ఎవరు వెళ్ళిపోతారు అన్నది ప్రధానమైంది. కలకత్తాలో ఆటగాళ్ళ బదిలీల వేళ అక్కడి అభిమానికి పండుగ. అదే వేళ హైదరాబాద్‌లో ఒక్కొక్క పేరు జాబితా నుండి తొలగిపోతుంది. అయినా అభిమాని పూర్తిగా నష్టపోలేదు. ఊరు విడిచిన ఆటగానితోపాటు అతని అభిమానం కూడా కొంత ప్రయాణం చేసింది. మనవాడు ఈస్ట్ బెంగాల్‌లో ఆడుతున్నాడన్న గర్వం, మన జట్టులో లేడన్న వెలితి రెండూ కలిసే ఉన్నాయి. కూతుర్ని అత్తవారింటికి పంపిన తల్లిదండ్రుల భావంతో దీనికి పోలిక ఉంది. ఆమె సుఖంగా ఉందన్న వార్త సంతోషమే. ఇల్లు మాత్రం బోసిగానే ఉంటుంది.

సంతోష్ ట్రోఫీ ఫలితాలు ఈ మార్పును స్పష్టం చేస్తాయి. 1956–57లోనూ 1957–58లోనూ హైదరాబాద్ జట్టు, 1965లో ఆంధ్రప్రదేశ్ జట్టు ఈ ట్రోఫీని గెలిచాయి. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ గాని, 2014లో ఏర్పడిన తెలంగాణ గాని దానిని గెలవలేదు. అంటే హైదరాబాద్ ఆటగాళ్ళు దేశంలోని పెద్ద క్లబ్బులకు వెన్నెముకగా ఉన్న కాలంలోనే సొంత రాష్ట్రజట్టు విజయాలు ఆగిపోయాయి. ఆటగాళ్ళను తయారుచేసే శక్తి నశించడానికి ముందే, వారిని నిలుపుకొనే శక్తి నశించింది.

4. ఖాళీ దశాబ్దాలు – జట్టు లేని అభిమాని:

1996లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు తొలి సీజన్ జట్లలో హైదరాబాద్ లేదు. 2014లో ఎనిమిది క్లబ్బులతో ఇండియన్ సూపర్ లీగ్ ప్రారంభమైనప్పుడు కూడా లేదు. 1983 ప్రపంచకప్పు తరువాత క్రికెట్ ఆదరణ విపరీతంగా పెరగడం, ప్రభుత్వ సంస్థలలో క్రీడల కోటా నియామకాలు తగ్గడం, నగరం నడిబొడ్డున ఆటస్థలాలు కుంచించుకుపోవడం వంటి అనేక కారణాలు ఇందులో కలిశాయి. ఫతేమైదాన్ చుట్టూ అల్లుకొన్న ఫుట్‌బాల్ జ్ఞాపకం పాతతరం మాటల్లో మిగిలింది.

ఈ కాలంలో పెరిగిన తరానికి టెలివిజన్ కొత్త ఊరిని చూపించింది. మాంచెస్టర్, లివర్‌పూల్, మాడ్రిడ్, బార్సిలోనా పేర్లు నగర యువకుల నోట స్థానిక పేర్ల వలె పలికాయి. అర్ధరాత్రి మేలుకొని ఎన్నడూ చూడని నగరపు జట్టుకోసం తపించడం అలవాటైంది. దీనిని కృత్రిమమైన అభిమానమని కొట్టిపారవేయడం సరికాదు. సొంత జట్టు లేనప్పుడు ఆట మీది ప్రేమ తనకు దొరికిన చోట నిలుచుంటుంది. అయితే ఆ అభిమానికి తన జట్టు మైదానం వద్ద చేరే అవకాశం లేదు. అతని ఆశకు స్థలం లేదు.

5. లైసెన్సు జట్టు – ఆరు సీజన్ల కథ:

2015లో ఏర్పడిన ఫతే హైదరాబాద్ క్లబ్బు ఐ-లీగ్ రెండవ శ్రేణిలో ఆడి నగరం పేరును కొంతకాలం నిలిపింది. అగ్రశ్రేణి ప్రవేశం మాత్రం 2019 ఆగస్టులో జరిగింది. మూతపడిన పుణె సిటీ క్లబ్బు స్థానంలో హైదరాబాద్ ఎఫ్.సి. ఇండియన్ సూపర్ లీగ్‌లో అడుగుపెట్టింది. గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం దాని సొంత మైదానమైంది. 'దక్కన్ లీజియన్' పేరిట అభిమానుల బృందం ఏర్పడింది. ఒక నగరం కోల్పోయిన జట్టు స్థానంలో ఈ జట్టు పుట్టిందన్న విషయం ఆనాటి సంబరంలో ఎక్కువగా చర్చకు రాలేదు. పుణె అభిమాని దుఃఖమే హైదరాబాద్ అభిమాని తొలి ఆశ. ఇదే క్రమం తరువాత తిరగబడింది.

ఆరు సీజన్ల ఫలితాలు ఇలా ఉన్నాయి:

2019–20: 18 మ్యాచ్‌లు, 10 పాయింట్లు, పది జట్లలో చివరి స్థానం.
2020–21: 20 మ్యాచ్‌లు, 29 పాయింట్లు, ఐదో స్థానం.
2021–22: 20 మ్యాచ్‌లు, 38 పాయింట్లు, రెండో స్థానం, లీగ్ విజేత.
2022–23: 20 మ్యాచ్‌లు, 42 పాయింట్లు, రెండో స్థానం, సెమీఫైనల్లో ఓటమి.
2023–24: 22 మ్యాచ్‌లు, 8 పాయింట్లు, పన్నెండు జట్లలో చివరి స్థానం.
2024–25: 24 మ్యాచ్‌లు, 18 పాయింట్లు, పదమూడు జట్లలో పన్నెండో స్థానం.

ఈ అంకెలను అభిమాని దృష్టితో చదివితే మరొక చరిత్ర కనిపిస్తుంది. మొదటి సీజన్ ఓటమి తరువాత స్పెయిన్ శిక్షకుడు మనోలో మార్కెజ్ ఆధ్వర్యంలో జట్టు యువ ఆటగాళ్ళపై నమ్మకం ఉంచి పైకి లేచింది. కానీ కోవిడ్ కారణంగా 2020–21, 2021–22 సీజన్లు పూర్తిగా గోవాలోనే జరిగాయి. 2022 మార్చి 20న ఫతోర్డా మైదానంలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ మొదట గోలు చేసింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన గోలుతో స్కోరు 1–1 అయింది. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపాడు. హైదరాబాద్ 3–1తో గెలిచింది. ఆ సీజన్‌లో బర్తొలొమ్యూ ఒగ్బెచె 18 గోల్స్ చేశాడు.

నగరపు అతిపెద్ద క్లబ్బు విజయం నగరంలో ఒక్క మ్యాచ్ కూడా జరగని సీజన్‌లో వచ్చింది. రోవర్స్ కప్పు రోజుల్లో వలెనే గెలుపు మళ్ళీ వార్తగానే ఇంటికి చేరింది. విజేత జట్టును గచ్చిబౌలిలో కంటితో చూసే భాగ్యం 2022–23లో గాని కలగలేదు. ఆ సీజన్ సెమీఫైనల్లో రెండు అంచెలలోనూ గోలు పడక, పెనాల్టీలలో ఏ.టి.కె. మోహన్ బగాన్ చేతిలో జట్టు వెనుదిరిగింది. ఆ మరుసటి సీజన్‌కే పతనం మొదలైంది. అంటే ఆరు సీజన్లలో అభిమాని సొంతమైదానంలో బలమైన జట్టును చూసింది ఒకే ఒక్క సీజన్. ఈ ఒక్క సీజన్ జ్ఞాపకంతోనే అతడు తరువాతి రెండు సీజన్లకు ముందు ఆశను నిలుపుకొన్నాడు.

2023–24కు ముందు, ఆ సీజన్ మధ్యలో అభిమాని చదివిన వార్తలు ఆటకు సంబంధించినవి కావు. జీతాల బకాయిల ఫిర్యాదులు, కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా ఫిఫా విధించిన నిషేధం, విదేశీ ఆటగాళ్ళ నిష్క్రమణ ఆ వార్తల సారాంశం. తంగ్‌బోయ్ సింగ్తో శిక్షణలో ఎక్కువగా యువ భారతీయ ఆటగాళ్ళతోనే జట్టు సీజన్ పూర్తిచేసింది. 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచింది. 2024 మార్చిలో చెన్నైలో 1–0తో దక్కిన గెలుపు అది. 2024లో యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అనే పేరు ధరించింది.

ఇదే సమయంలో లీగ్ భవితవ్యం కూడా సందిగ్ధంలో పడింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ లీగ్ నిర్వాహక సంస్థకూ 2010లో కుదిరిన పదిహేనేళ్ళ ఒప్పందం 2025 డిసెంబరుతో ముగియవలసి ఉండగా, కొత్త ఒప్పందం కుదరలేదు. 2025 జులైలో సీజన్‌ను నిలిపి ఉంచుతున్నట్లు క్లబ్బులకు సమాచారం అందింది. చివరకు 2026 ఫిబ్రవరి 14న కుదించిన రూపంలో లీగ్ మొదలైంది. దేశమంతటి అభిమానులు సీజన్ జరుగుతుందా అని ఎదురుచూస్తున్న వేళ, హైదరాబాద్ అభిమానికి అది జరిగినా తన నగరం పేరు అందులో ఉండదని తెలిసింది.

6. 'మన' జట్టు, 'మా' క్లబ్బు – భాష చెప్పే సాక్ష్యం:

తెలుగులో ఉత్తమపురుష బహువచనానికి రెండు రూపాలు ఉన్నాయి. వినేవారిని కలుపుకొనేది 'మనం'. వినేవారిని మినహాయించేది 'మేము'. ద్రావిడ భాషలకు సహజమైన ఈ భేదం అభిమాని భాషలో విశేషంగా కనిపిస్తుంది. మ్యాచ్ గెలిచినప్పుడు తోటి అభిమానితో 'మనం గెలిచాం' అంటాడు. అతడు బంతిని తాకలేదు, జీతం ఇవ్వలేదు, జట్టు ఎంపికలో పాలుపంచుకోలేదు. అయినా ఆ 'మనం'లో ఆటగాడు, పక్కసీటులోని అపరిచితుడు, రహీం కాలపు పోలీసు జట్టు కూడా ఇమిడి ఉన్నారు. నగరంలోని దక్కనీ ఉర్దూలో 'అపన్' అనే మాట కూడా ఇటువంటి కలుపుగోలు అర్థంలోనే వినిపిస్తుంది. రెండు భాషల అభిమాని ఒకే స్టాండులో కూర్చున్నప్పుడు వ్యాకరణం కూడా వారిని కలుపుతుంది.

యాజమాన్యం చట్టరీత్యా మాట్లాడవలసి వస్తే ఆ భాష 'మా క్లబ్బు' అన్నదే అవుతుంది. లైసెన్సు, ఆటగాళ్ళ ఒప్పందాలు, పేరు, చిహ్నం అన్నీ కంపెనీ ఆస్తులు. వాటిని అమ్మవచ్చు, తరలించవచ్చు, పేరు మార్చవచ్చు. ఇందులో చట్టవిరుద్ధమైనది ఏదీ లేదు. పెట్టుబడి పెట్టి నష్టపోయేవానికి ఆ హక్కు ఉండాలన్న వాదన కూడా తోసివేయదగినది కాదు. సమస్య అంతా 'మన'కూ 'మా'కూ మధ్య ఉన్న అంతరంలో ఉంది. అభిమాని ఇచ్చే కాలం, టిక్కెట్టు సొమ్ము, విధేయత మొదటిదాని లెక్కలో జమ అవుతాయి. నిర్ణయాలు రెండవదాని లెక్కలో జరుగుతాయి. పోలీసు జట్టు కాలంలో ఈ అంతరం ఉన్నా, ఒక ప్రభుత్వశాఖ ఊరు విడిచి వెళ్ళదు కనుక అది బయటపడలేదు. లైసెన్సు జట్టు దానిని బయటపెట్టింది.

7. ఇతర దేశాల అనుభవం:

జట్టు ఊరు మారడం హైదరాబాద్‌కు మాత్రమే పరిమితమైన అనుభవం కాదు. ఇంగ్లండులో లండన్ నగరానికి చెందిన వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో అనుమతి లభించింది. అదే ఏడాది అక్కడి అభిమానులు ఎ.ఎఫ్.సి. వింబుల్డన్ పేరుతో సొంత క్లబ్బు స్థాపించుకొన్నారు. అట్టడుగు శ్రేణి నుండి ఆడుతూ 2011లో జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌కు చేరారు. 2020లో తమ పాత వీధియైన ప్లౌ లేన్‌లోనే కొత్త మైదానానికి తిరిగివచ్చారు. జర్మనీలో సభ్యుల సంఘానికి ఓటుహక్కులో ఆధిక్యం ఉండాలన్న '50+1' నియమం కొద్ది మినహాయింపులతో అమలులో ఉంది. ఇంగ్లండులో 2025లో వచ్చిన ఫుట్‌బాల్ పరిపాలన చట్టం స్వతంత్ర నియంత్రణ సంస్థను ఏర్పరచి, క్లబ్బు సొంతమైదానం మార్పును ఆ సంస్థ ఆమోదానికి లోబరచింది.

ఈ ఉదాహరణలను యథాతథంగా తెలుగునాటికి దించడం సాధ్యం కాదు. వింబుల్డన్ అభిమాని వెనుక శతాబ్దం దాటిన క్లబ్బు చరిత్ర, అంచెలంచెలుగా పైకి ఎక్కడానికి వీలైన లీగ్ వ్యవస్థ ఉన్నాయి. హైదరాబాద్ అభిమాని వెనుక ఆరు సీజన్ల క్లబ్బు ఉంది. అయితే ఆ క్లబ్బుకంటె పెద్దదైన నగర ఫుట్‌బాల్ చరిత్ర అతనికి ఉంది. దానిని ఆధారం చేసుకొనే సంస్థ లేకపోవడమే ప్రస్తుత లోటు.

8. నేటి స్థితి – వేదికగా నగరం:

2024లో రెండు ముఖ్యమైన పోటీలు హైదరాబాద్‌లో జరిగాయి. సెప్టెంబరులో గచ్చిబౌలిలో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు జరిగింది. భారత జట్టు మారిషస్‌తో 0–0గా ముగించి, సిరియా చేతిలో 0–3 తేడాతో ఓడింది. ఆనాటి భారత శిక్షకుడు హైదరాబాద్‌ను విజేతగా నిలిపిన మార్కెజే. డిసెంబరు 31న అక్కడే జరిగిన సంతోష్ ట్రోఫీ ఫైనల్లో పశ్చిమబెంగాల్ 1–0తో కేరళను ఓడించింది. నగరం ఆతిథ్యం ఇచ్చింది, ఆడింది ఇతరులు. ఒకప్పుడు హైదరాబాద్ జట్టు ఇతరుల నగరాలలో గెలిచేది. ఇప్పుడు ఇతరులు హైదరాబాద్‌లో గెలుస్తున్నారు.

అయినా నేల పూర్తిగా బీడుపడలేదు. మొదట విశాఖపట్నం కేంద్రంగా ఉండి, తరువాత హైదరాబాద్ శివారులోని దక్కన్ అరీనాకు మారిన శ్రీనిధి దక్కన్ క్లబ్బు 2021–22 ఐ-లీగ్‌లో మూడో స్థానం, తరువాతి రెండు సీజన్లలో రెండో స్థానం పొందింది. నిజామాబాద్‌కు చెందిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడింది. రహీం కాలంలో కనిపించని ఈ పార్శ్వం, అంటే మహిళల ఫుట్‌బాల్, అభిమాని ఆశకు కొత్త చోటు చూపుతోంది.

9. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. సీజన్ ముందు అభిమాని వేసుకొనే ప్రశ్న కాలానుగుణంగా మారింది. 1950లలో 'గెలుస్తామా', 1960ల నుండి 'ఎవరు వెళ్ళిపోతారు', ఖాళీ దశాబ్దాలలో 'ఎవరిని అభిమానించాలి', 2023 తరువాత 'జట్టు ఉంటుందా' అన్నవి వరుసగా ప్రధానమైన ప్రశ్నలు.

2. ఈ మార్పుకు కారణం ఆటలోని నైపుణ్యం హెచ్చుతగ్గులకంటె పోషణవ్యవస్థలో వచ్చిన మార్పు. ప్రభుత్వశాఖ పోషణ నిలకడను ఇచ్చింది గాని ఆటగాళ్ళను నిలుపుకోలేకపోయింది. లైసెన్సు వ్యవస్థ మూడేళ్ళలోపే కప్పును ఇచ్చింది గాని జట్టును నిలుపుకోలేకపోయింది.

3. హైదరాబాద్ విజయాలలో ముఖ్యమైనవి నగరం వెలుపల సాధించినవి. సొంతమైదానంలో జట్టుకూ ప్రేక్షకునికీ మధ్య ఏళ్ళతరబడి పెనవేసుకోవలసిన బంధానికి ఇక్కడ తగిన వ్యవధి దొరకలేదు. క్లబ్బు తరలిపోయినప్పుడు దానిని ఆపగల సంఘటిత బలం లేకపోవడానికి ఇది ఒక కారణమని భావించవచ్చు.

4. అభిమాని భాషలోని 'మన' అనే భావనకు చట్టంలో స్థానం లేదు. క్లబ్బు పేరు, చిహ్నం, మైదానం మార్పుల విషయంలో అభిమానుల అభిప్రాయాన్ని వినే నిబంధన భారత ఫుట్‌బాల్ నియమావళిలో చేరితే ఆ అంతరం కొంత తగ్గుతుంది.

రహీం పనిచేసిన పద్ధతిలోనే ఒక సూచన ఉంది. ఆయన కప్పులతో ప్రారంభించలేదు. బాలుర బలహీనమైన కాలితో ప్రారంభించాడు. పాఠశాల మైదానం, స్థానిక లీగ్, ఊరిజట్టు నిలబడితే, లైసెన్సు ఎవరి చేతికి మారినా అభిమాని వెళ్ళడానికి ఒక చోటు మిగులుతుంది. వానకోసం ఎదురుచూసే రైతు ఆకాశాన్ని శాసించలేడు గాని చెరువుకట్టను బాగుచేసుకోగలడు. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు నేడు కావలసినది ఆ చెరువుకట్టే.